బావగారి పసుపు గడప

మొన్న మా కోడలు, ఇంటికి రంగులు వేయిద్దామని ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టింది. అందులో ఉన్నది మా హాలే. వేలితో ఒకసారి తడితే గోడ తెల్లటి నీలం, ఇంకోసారి తడితే తెల్లటి బూడిదరంగు. "ఏది బాగుందండీ అత్తయ్యగారూ?" అంది. నీళ్ళమజ్జిగకి నాలుగు పేర్లు పెట్టినట్టున్నాయి గాని నాకేమీ తేడా తెలియలేదు. "నీకు నచ్చింది వేయించుకో అమ్మా, గడపల జోలికి మాత్రం రంగుడబ్బా పోనివ్వకు" అన్నాను. ఎందుకని అడిగింది. పొయ్యి మీద పాలున్నాయని తప్పించుకున్నాను. ఎందుకో చెప్పాలంటే మా బావగారి దగ్గర మొదలుపెట్టాలి. ఆయన దగ్గర మొదలుపెడితే పాలు పొంగిపోతాయి.

బావగారంటే మా ఆయనకి అన్నగారు. అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. రొయ్యల చెరువుల మీద డబ్బు వచ్చిపడుతున్న రోజులవి. భీమవరం చుట్టుపక్కల వరిచేలు తవ్వించి చెరువులు చేసిన ప్రతివాడికీ ఏదో ఒక జబ్బు పట్టుకుంది. ఒకడికి కారు జబ్బు, ఒకడికి మెడలో పలుపుతాడంత గొలుసు జబ్బు. మా బావగారికి రంగుల జబ్బు. అంతకుముందు మా ఇంటికి రంగంటే ఏముంది? ఏడాదికోసారి సున్నంలో కాస్త నీలిమందు కలిపి కొట్టడం, గోడల అడుగున మూరెడెత్తు జేగురు పట్టీ లాగడం, తలుపులకి ఆకుపచ్చ. ఆ గోడలకే ఆనుకుని చద్దన్నం తిన్న మనిషికి, చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే అవి పశువులపాకలా కనిపించాయి.

పాలకొల్లులో రంగుల కొట్టువాడు ఆయనకి ఒక అట్టల పుస్తకం ఇచ్చాడు. మడతలు విప్పితే చీర కొంగంత పొడుగు, నిండా రంగు ముక్కలు, ఒక్కోదాని కింద ఒక ఇంగ్లీషు పేరు. ఆ పేర్లు చదవడం నాకు రాదు, బావగారికీ రాదు. తేడా ఏమిటంటే, రాదని నాకు తెలుసు. ఆ పుస్తకం చంకన పెట్టుకుని ఆయన ఊళ్ళన్నీ తిరిగారు. పెళ్ళికి వెళితే అక్షింతలు వేయకముందే విడిదింటి గోడకి అట్ట ఆనించి చూసేవారు. ఒకరింట్లో పదో రోజు భోజనానికి వెళ్ళి, ఏడుస్తున్న ఇల్లాలిని పట్టుకుని, "ఈ కిటికీ రెక్కలకి ఏం కొట్టించారమ్మా, మెరుపు తగ్గలేదు" అని అడిగిన మహానుభావుడు ఆయన. మా హాలు గోడ మీద అరచేయంత మేర ఒక్కో రంగూ పూయించి, పొద్దున ఒకసారి, దీపాలవేళ ఒకసారి కళ్ళు చికిలించి చూసేవారు. మా తోటికోడలు కాఫీ పట్టుకొచ్చి, "ఆ మూలది బాగుందండీ" అంటే, "నీకేం తెలుసే, అది వానకి వెలిసిపోద్ది" అని కసిరేవారు. మర్నాడు ఆ మూలదే తన బుర్రలోంచి ఊడిపడ్డట్టు వీధిలో అందరికీ చెప్పేవారు.

చివరికి హాలు గులాబీ, వసారా చిలకాకుపచ్చ, స్తంభాలు నీలం, అన్నిటికీ చాక్లెట్ రంగు అంచు తేలాయి. పడక్కుర్చీలో ఉన్న మా మావగారిని అటు జరిపీ ఇటు జరిపీ గోడలు కొట్టారు. అంతా అయ్యాక చూస్తే, బ్యాండుమేళం వాళ్ళు బట్టలు ఉతికి ఆరేసుకున్నట్టుంది ఇల్లు. "మీ టేస్టు జిల్లాలో ఇంకెవరికీ లేదండి బాబూ" అన్నాడు రంగులవాడు. అదొక్కటే వాడు ఆడిన నిజం.

మా అత్తగారు ఇవేవీ పట్టించుకోలేదు. కళ్ళలో పొర వచ్చి, ఆవిడకి గులాబీ అయినా గుమ్మడి అయినా ఒకటే. అప్పటికే వంటిల్లు నా చేతికొచ్చింది, తాళాలు తోటికోడలి నడుముకి చేరాయి, పాలవాడితో దెబ్బలాట కూడా మాదే. ఆవిడకంటూ ఆ ఇంట్లో మిగిలింది ఒక్క పని. శుక్రవారం తెల్లారగట్ల వీధిగడప కడిగి పసుపు రాయడం. అందులో ఇంకెవరినీ చెయ్యి పెట్టనిచ్చేది కాదు. ఒకసారి ఆవిడకి జ్వరంగా ఉందని నేను పసుపుగిన్నె అందుకుంటే, "నేను పోయాక రాద్దువుగాని, తొందరేం?" అని లాక్కుంది. చెక్కని వేళ్ళతో తడుముకుంటూ ఈ చివరి నుంచి ఆ చివరికి పసుపు మెత్తి, దాని మీద కుంకం బొట్లు పెట్టుకుంటూ పోయేది. ఒక్క బొట్టు పక్కకి తప్పడం నేను చూడలేదు.

సరిగ్గా ఆ గడప మీదే బావగారి కన్ను పడింది. వరలక్ష్మీ వ్రతం దగ్గరికొచ్చింది. ఆ రోజు పేరంటాళ్ళు వస్తారు, ఇల్లు చూస్తారు, వెళ్ళి మొగుళ్ళకి చెబుతారు. అదీ ఆయన ఎత్తు. గడపకి పసుపుపచ్చ ఎనామిల్ రంగు కొట్టించి, దాని మీద ఎర్ర ఎనామిల్‌తో బొట్లు పెట్టించారు. తల్లిని కాశీకి తీసుకెళ్ళి తెచ్చినంత గొప్పగా, "ఇంక నీకు నడుం వంచే పని లేదమ్మా. కడిగినా పోదు, తొక్కినా పోదు" అన్నారు.

అత్తగారు వంగి గడప మీద చెయ్యి వేసి రాసి చూసింది. "జారుతోందేంట్రా?"

"అదేనమ్మా ఫినిషింగంటే."

"అయితే నా పని తీసేశావా?"

"తీసెయ్యడం ఏంటమ్మా, నిన్ను సుఖపెడుతుంటే!"

ఆవిడ చెయ్యి కొంగుకి తుడుచుకుని లోపలికెళ్ళింది. వ్రతానికి ముందొచ్చిన శుక్రవారం ఆ రంగు మీదే పసుపు రాయబోయింది. అది నిలవక ముడతలు పడి, ఆరగానే పెచ్చులుగా రాలింది. బావగారు గుడ్డ పట్టుకొచ్చి తుడుస్తూ, "పెయింటు పాడవుద్దమ్మా" అని తల్లికి సుద్దులు చెప్పారు. ఆవిడ చేతులు కడుక్కుని, ఖాళీ గిన్నె ఒళ్ళో పెట్టుకుని, ఆ పూటంతా స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

వ్రతం రోజు తెల్లారి నేను లేచేసరికి ఆవిడ వీధిలో లేదు, వసారాలో లేదు. పెరటి గుమ్మంలో గొంతుక్కూర్చుని ఉంది. ఆ గుమ్మాన్ని ఎవడు చూస్తాడని బావగారు రంగు దండగ చేయకుండా వదిలేశారు. ఎండకి ఎండి వానకి తడిసి బీటలు తీసిన ఆ గడపకి నిండా పసుపు, వరసగా బొట్లు. "ఇక్కడేంటండీ అత్తయ్యగారూ?" అన్నాను. "చెక్క దొరికిందే" అంది.

సాయంత్రం బావగారు గంజి పెట్టిన పంచె కట్టుకుని, లైట్లన్నీ వేసుకుని వసారాలో కూర్చున్నారు. ముందుగా ఎదురింటావిడ వచ్చింది. మెట్టెక్కబోతుంటే, పక్కసందు చివరి నుంచి అత్తగారు కేకేసింది. "వదినా, అటు కాదు, ఇటు రా!"

"వీధి గుమ్మం తీసే ఉందిగా వదినా? నీ కొడుకు పెళ్ళికొడుకులా కూర్చున్నాడు కూడాను!"

"కూర్చోనీ. ఇవాళ పేరంటం ఇటే."

ఆవిడ వెనక ఇంకొకరు, వాళ్ళ వెనక ఇంకొకరు. పట్టుచీరలు ఎత్తిపట్టుకుని, బూడిదకుప్ప పక్కనుంచి, అరటిబోదెలు తప్పించుకుంటూ ఊరి ఆడవాళ్ళంతా సందులోంచే వచ్చారు. బావగారి గులాబీ గోడ వైపు చూసే దిక్కు లేదు. కాసేపటికి ఆయనే లోపలికొచ్చారు. "దొడ్డిదారిన పేరంటమేంటమ్మా? నలుగురూ ఏమనుకుంటారు? అక్కడ గడప బంగారంలా ఉంటే!"

"ఉంది నాయనా. నువ్వు పసుపు రాసిన గడపకి నువ్వే పేరంటాళ్ళని పిలుచుకో. వాళ్ళ కాళ్ళకీ నువ్వే రాయి."

ఎదురింటావిడ నవ్వు ఆపుకోలేక వాయనం శనగలు కింద పోసుకుంది. మిగతావాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. బావగారు వెనక్కెళ్ళి వసారాలో లైట్లు ఒక్కొక్కటే ఆర్పుకుంటూ వచ్చారు.

సోమవారం రంగులవాడు వచ్చి గడప గీకాడు. అత్తగారు పీట వేసుకుని పక్కనే కూర్చుని, గీకినచోటల్లా గోటితో తడిమి, "ఇంకా ఉంది" అంటూనే ఉంది. బావగారికి విసుగొచ్చి, "చాల్లేమ్మా, చెక్క అరిగిపోద్ది" అన్నారు. "నేను అరగదీసినంత నువ్వు అరగదీయలేవులే" అంది ఆవిడ. ఆ గడప నడుమ నిజంగానే చిన్న పల్లం ఉండేది. నీళ్ళు పోస్తే అందులో ఇంత నిలిచేవి. అన్నాళ్ళూ అది చెక్క తీరనుకున్నాను.

ఆ గులాబీలూ చిలకాకుపచ్చలూ రెండు వానలకే వెలిశాయి. బావగారు మళ్ళీ ఏవో కొట్టించారు. అవేం రంగులో నాకు గుర్తు లేదు, గుర్తుంచుకోదగ్గవీ కావు. చూపు పూర్తిగా పోయాక కూడా అత్తగారు ఇవాళ ఏ వారమని ఎవరినీ అడగలేదు. కళ్ళున్న మేమే క్యాలెండరు దగ్గరికి పరిగెత్తేవాళ్ళం. చేతికి తనదైన పని ఉన్నవాళ్ళకి రోజులు వాటంతటవే నడిచి ఇంట్లోకొస్తాయి. లేనివాళ్ళకి గోడకి వేలాడుతుంటాయి.