దానమ్మ కడిగిన గుడ్లు

ముందు సముద్రం, వెనక ఉప్పుటేరు, నడుమ ముప్పై గుడిసెల ఇసుక దిబ్బ. దానమ్మ పుట్టింది, పెరిగింది, పెళ్లాడింది అక్కడే. ఏరు దాటితే నౌపడ ఉప్పు మడులు. వలలో తాబేలు పడితే శ్రీకూర్మం దేవుడే వచ్చాడని వీపున పసుపు రాసి, బొట్టు పెట్టి నీళ్లలోకి వదిలేవారు. చిన్నప్పట్నుంచీ ఆ పని దానమ్మదే.

పంతొమ్మిది వందల అరవై ఏడు మాఘంలో సముద్రం దిబ్బను కోసుకుంటూ వచ్చింది. పదిహేను రోజుల కిందట తాబేళ్లు గుడ్లు పెట్టిన మూడు గుంటలు కొట్టుకుపోయేలా ఉన్నాయి. దానమ్మ తవ్వి, గుడ్లను బుట్టల్లో ఇంటి వెనక్కి చేర్చింది. దేవుడి బిడ్డలను మురికితో పాతడానికి చేతులు రాలేదు. ఒక్కోదాన్నీ పసుపు నీళ్లలో దొర్లించి కడిగి, కొత్త గుంటల్లో కప్పింది.

రెండు నెలలు చూసింది. ఒక్క పిల్లా బయటికి రాలేదు. తవ్వితే కంపు. మూడు వందల పైచిలుకు గుడ్లను ఎవరూ చూడకుండా ఏట్లో పారబోసింది.

"ఏటయినాయే గుడ్లు?" అంది తోటికోడలు బుల్లమ్మ.

"పిల్లలై సముద్రంలోకి పోనాయి."

ఆ మాట దిబ్బంతా పాకింది. బుల్లమ్మ కోడలితో సహా కడుపుతో ఉన్నవాళ్లు వచ్చి ఆమె చేత బొట్టు పెట్టించుకున్నారు. నుదుట వేలు ఆనించిన ప్రతిసారీ దానమ్మకు ఆ కంపే తగిలేది.

అరవై తొమ్మిది మాఘంలో చేపల శాఖ నుంచి జగన్నాధం అనే ఆయన వచ్చాడు. తాబేలు గుడ్లకు కాపలా మనిషి కావాలన్నాడు.

"ఇంకెవలు బాబూ, మా దానమ్మే!" అంది బుల్లమ్మ. "మా ఇంటాయన్ని గూడా ఆ గుంటలో కప్పెట్టియ్యే అన్నాను, ఆ పిల్లల్లాగ తెల్లారగట్ల లెగుస్తాడేమోనని!"

అందరూ నవ్వారు. జగన్నాధం పుస్తకం తెరిచాడు.

"ఎలా చేశావో చెప్పమ్మా. మిగతా ఊళ్లలోనూ అలాగే చేయిస్తాను."

ఆ పని దానమ్మకు కావాలి. మొగుడు పోయాక చేపల గంప మోసి మోసి మెడ పట్టేసింది. కానీ మిగతా ఊళ్లు అన్న మాట విన్నాక నోరు ఆగలేదు.

"రాయకు బాబూ. ఒక్కటీ బతకనేదు. పసుపు నీళ్లలో కడిగి పాతినాను. అన్నీ కుళ్లిపోనాయి."

బుల్లమ్మ నవ్వు ఆగింది. "మరి మా కోడలికి బొట్టెలాగెట్టినావే?"

దానమ్మ బొట్టు వేలిని కొంగుకు తుడుచుకుంది.

"పసుపు సంగతి నాకు తెలీదు," అన్నాడు జగన్నాధం. "పెట్టిన రోజు దాటాక గుడ్డును తిప్పకూడదు. లోపలి పిల్ల చస్తుంది."

"నాలుగేసి మాట్లు తిప్పినాను బాబూ. మురికి పోవాలని."

ఆయన పని ఆమెకే ఇచ్చాడు. ఆ వారమే సముద్రం ఇంకో గుంట దాకా వచ్చింది. దానమ్మ ప్రతి గుడ్డు మీదా బొగ్గుతో చుక్క పెట్టి, చుక్క పైకే ఉండేలా ఒక్కోటీ మోసింది. ఏప్రిల్లో నూట పదకొండు పిల్లలు పాక్కుంటూ నీళ్లలోకి దిగాయి. దిబ్బంతా వచ్చి చూసింది. మళ్లీ నెల తప్పిన బుల్లమ్మ కోడలు బొట్టు కోసం నుదురు వంచింది.

దానమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పోయి మీ అత్త సేత ఎట్టించుకోయే పిల్లా. నాది బొగ్గు సెయ్యి."