ఓబుళేశు మామ తువ్వాలు

ఓబుళేశు మామకు ఒకటే జబ్బు. ఎక్కడికి వెళ్ళినా ముందు ఒక తువ్వాలు వేసి సీటు ఆపుతాడు. ఆపిన సీట్లో తను కూర్చోడు, ఇంకొకర్ని కూర్చోనివ్వడు. "మనిషొస్తాండాది" అంటాడు. ఏ మనిషి, ఎప్పుడొస్తుంది అని అడిగితే, అడిగినవాళ్ళదే తప్పన్నట్టు మొహం పక్కకు తిప్పుకుంటాడు.

బస్సులో తువ్వాలు వేయడం మనందరికీ తెలిసిన విద్యే. కిటికీలోంచి తువ్వాలు పడిందంటే ఆ సీటు రిజిస్టరైపోయినట్టే. కానీ ఈయన పెళ్ళి భోజనాల బల్ల దగ్గర వేస్తాడు, ఆస్పత్రి బెంచీ మీద వేస్తాడు, మంగలి షాపులో అద్దం ముందు కుర్చీ మీద వేసి తిట్లు తింటాడు. తన సొంత పెళ్ళిలో రెండు పీటల పక్కన మూడో పీట వేయించి దాని మీద తువ్వాలు పరిచాడట. ఇంకో పెళ్ళికూతురు కూడా వస్తోందేమోనని పురోహితుడు మంత్రం ఆపేశాడని ఆయన భార్య సుబ్బక్కత్త ఇప్పటికీ చెబుతుంది.

ఆయన్ను పిచ్చోడన్న వాళ్ళందరికీ ఇది నా జవాబు. నేను కూడా ఆ మాట అన్నదాన్నే కాబట్టి సగం జవాబు నాకే.

మామ ముప్పై ఏళ్ళు శ్రీశైలం, కర్నూలు మధ్య తిరిగే బస్సులో కండక్టరు. ప్రయాణికుడు తువ్వాలు వేస్తే కండక్టరుకు చెప్పుకోవచ్చు. కండక్టరే వేస్తే ఎవరికి చెప్పుకోవాలి? నందికొట్కూరులో ఎక్కి కర్నూలుకు ఇంటర్ చదవడానికి వెళ్ళే మేము రెండేళ్ళు ఆ ప్రశ్నతోనే నిలబడ్డాం. బస్సు ఆత్మకూరులోనే నిండిపోయి వచ్చేది. నేను రాడ్డు పట్టుకుని వేలాడుతుంటే, నా కళ్ళ ముందే ఆకుపచ్చ అంచు తువ్వాలు ఒకటి కిటికీ పక్కన గాలి పీల్చుకుంటూ కూర్చుని ఉండేది. ఆ తువ్వాలు నాకంటే సుఖంగా కర్నూలు చూసింది.

దారిలో ఏ స్టాపులోనో ఒకరు ఎక్కేవారు. ఒకరోజు నెలలు నిండిన ఆమె, ఒకరోజు కాలికి కట్టు కట్టుకున్న రైతు, ఇంకోరోజు పసిబిడ్డతో బురఖా ఆమె. మామ తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వాళ్ళను కూర్చోబెట్టేవాడు. ఈ దారి పొడవునా ఈయనకు ఇంతమంది చుట్టాలేమిటని మాకు ఒళ్ళు మండిపోయేది.

ఆ సీటు నాకు ఒక్కసారే దొరికింది. ఫిజిక్స్ పరీక్ష రోజు నూట మూడు జ్వరంతో ఎక్కాను. ఆయన నా మొహం ఒకసారి చూశాడు. "ఈ పొద్దు రావాల్సిన మనిషి రాల్యా. కూచ్చో పాపా" అన్నాడు. ఆ రాని మనిషి ఎవరోగానీ చల్లగా ఉండాలని మొక్కుకుని కూర్చున్నాను. పరీక్ష పాసయ్యాను కూడా.

ఈయనకు ఇంకో విద్య ఉంది. దోర్నాల దాటి ఘాట్ మలుపులు మొదలయ్యాయంటే బస్సులో పిల్లలకు కడుపులో తిప్పేది. అది మరిపించడానికి మామ రాక్షసుల కథలు చెప్పేవాడు. రాక్షసుడు రాజకుమారిని ఎత్తుకుపోయే ఘట్టం సరిగ్గా పెద్ద మలుపు దగ్గర వచ్చేట్టు చూసుకునేవాడు. పిల్లలు నోళ్ళు తెరిచేవారు, కానీ కథ కోసమే తెరిచేవారు. అలా వాంతి మరిచిపోయిన పిల్లల్లో ఒకడు హరినాథ్.

హరినాథ్ రైతుల బిడ్డ. పెద్దయ్యాక వ్యాపారాల్లోకి దిగి, ఓర్వకల్లు రాళ్ళ కొండల పక్కన 'కథలకొండ' అని కుటుంబాల కోసం ఒక వినోదాల పార్కు కట్టించాడు. అందులో ముఖ్యమైనది గుహలాంటి పెద్ద చీకటి హాలు. చిన్న బండ్లు పట్టాల మీద దానిలోంచి వెళుతుంటే రెండు పక్కలా ఒక మాయాకథ జరుగుతుంది. ఆ కథ ఏదో తేలాలి. కథలు రాయడానికి నన్ను ఆర్నెల్లకు పెట్టుకున్నారు. నా కథ ఎంపికైతే ఉద్యోగం పర్మనెంటు, కాకపోతే పెట్టె సర్దుకోవాలి. బండ్లూ యంత్రాలూ చూసుకోవడానికి భూపేష్ అనే ఇంజనీరు ఉన్నాడు. కథల మంచిచెడ్డలు చెప్పడానికి హరినాథ్ ఏరికోరి పిలిపించుకున్న పెద్దమనిషి రిటైరైన మా ఓబుళేశు మామ.

మొదటి మీటింగులోనే మామ హరినాథ్ పక్క కుర్చీ మీద తువ్వాలు వేశాడు. గదిలో ఉన్నవి నాలుగే కుర్చీలు. భూపేష్ రెండు గంటలు నిలబడి మాట్లాడాడు. మధ్యలో ఒకసారి ఆశగా ఆ కుర్చీ వైపు చూస్తే, మామ తువ్వాలు అంచు సరిచేశాడు.

ముందుగా ఎగిరే మంచం కథ చెప్పాను. రాత్రిపూట మంచం లేచి చందమామ దాకా పోయే కథ. మామ బాగుందన్నాడు. మంచం మీద ఎంతమంది పడతారని అడిగాడు. నలుగురని భూపేష్ చెప్పాడు.

"పిల్లోళ్ళెంట వచ్చిన అవ్వ?"

నడుము నొప్పులున్న వాళ్ళు ఎక్కకూడదని, అలాంటి వాళ్ళు బయట ఉండాలని భూపేష్ వివరించాడు.

"బయట యాడ కూచ్చుంటాది?"

బయట బెంచీలు ఉండవట. బెంచీలు వేస్తే జనం కదలరట. మామ ఆ కథ కాగితం తిరగేసి బల్ల మీద పెట్టాడు. ఆ కథ అక్కడితో సరి.

రెండోది నాగలోకం. నీళ్ళలోకి జారుతూ పోవాలి. అవ్వ చీర తడుస్తుందని, తడి చీరతో యాడ కూచ్చుంటాదని అడిగి దాన్నీ తిరగేశాడు. మూడోది నా ప్రాణం పెట్టి రాసుకున్న కథ. ఏడు సముద్రాల అవతల రాక్షసుడు, వాడి ప్రాణం చిలకలో, ఆ చిలకను వెతుక్కుంటూ పోయే రాజకుమారుడు. చివరి గదిలో పది అడుగుల రాక్షసుడు ఎర్రటి వెలుగులో సింహాసనం మీంచి గర్జిస్తూ లేస్తాడు. చెబుతుంటే నాకే ఒళ్ళు జలదరించింది.

మామ కళ్ళు మూసుకుని అంతా విన్నాడు.

"రాజకుమారునికి గుర్రముండాది. రాక్షసునికి సింహాసనముండాది. చిలకక్కూడా కూచ్చునేదానికి కొమ్మ ఉండాది. అవ్వకేముండాది?"

నాకు కోపం నషాళానికంటింది. పోయేది నా ఉద్యోగం. "మామా, ఇది కథ. బస్సు కాదు" అన్నాను.

"మనుషులెక్కేది ఏదైనా బస్సే పాపా."

హరినాథ్ నవ్వుతూనే నా కథ ఖాయం చేశాడు. నవ్వుతూనే, ఎండలు ముదురుతున్నాయి, ఇంక రోజూ ఇంత దూరం రావద్దన్నా అని మామకు చెప్పాడు. అంటే ఏమిటో ముగ్గురికీ అర్థమైంది. మామ తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు. "బండ్లు తిరిగే పొద్దు వస్తాలే అప్పా, పిల్చకపోయినా" అని వెళ్ళిపోయాడు. నాకు జాలి వేయలేదు. నిజం చెప్పాలంటే, హరినాథ్ పక్కన ఖాళీ అయిన ఆ కుర్చీలో భూపేష్ కంటే ముందు నేనే కూర్చున్నాను.

బండ్లు పరీక్షగా తిప్పి చూసే రోజు మే నెలలో వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి నలభై కుటుంబాలను పిలిచాం. పొద్దున పదకొండుకే రాళ్ళు కాలిపోతున్నాయి. బండ్లలోకి చెప్పులు, సంచులు తేకూడదని భూపేష్ నియమం పెట్టాడు. అవి ఎవరి చేతిలో ఉండాలో మాత్రం ఆయన నియమాల్లో లేదు. కుటుంబాలు దానికి వెంటనే దారి కనిపెట్టాయి. వెంకటలక్ష్మమ్మ అనే అవ్వ నలుగురు మనవళ్ళతో, మనవరాళ్ళతో వచ్చి రేకుల కింద నిలబడి ఉంది. ముందు ఆ పిల్లలు తమ చెప్పులు ఇచ్చారు. అది చూసి పక్క ఊరి వాళ్ళూ ఇచ్చారు. చేతులు కట్టుకుని నిలబడ్డ ముసలామె ఒకరు కనిపిస్తే చాలు, మన జనం నమ్మకంగా చెప్పులు అప్పగించేస్తారు. నేను చూసేసరికి ఆమె చేతుల్లో పదకొండు జతలు, మెడలో మూడు నీళ్ళ సీసాలు ఉన్నాయి.

నేనూ చూశాను. చూసి, పని ఉందని లోపలికి వెళ్ళాను. ఇది ఒప్పుకోకుండా ఈ కథ చెప్పే హక్కు నాకు లేదు.

మామ అన్నట్టే వచ్చాడు. అవ్వను చూశాడు. పార్కంతా తిరిగి ఒక కుర్చీ కోసం వెతికాడు. దొరకలేదు. ఆమెను చెయ్యి పట్టుకుని పనివాళ్ళ దారిలోంచి గుహలోకి తీసుకువెళ్ళాడు. ఆ కట్టడం మొత్తంలో కూర్చోవడానికి వీలైన ఆసనం ఒక్కటే ఉంది. దాని సొంతదారు ఆ రోజు లేచి నిలబడి ఉన్నాడు. పొద్దున్నుంచీ రాక్షసుడి మోకాలి మోటారు పట్టేసి వాడు కూర్చోవడం లేదు. గర్జన బాగానే ఉంది కదా, ఈ పూటకు నిలబడే ఉండనీ అని భూపేష్ వదిలేశాడు.

మొదటి బండిలో హరినాథ్, నేను, వెనక ఆ అవ్వ మనవళ్ళూ మనవరాళ్ళూ. సముద్రాలు దాటాం, చిలకను చూశాం, చివరి గదిలోకి తిరిగాం. ఎర్రటి వెలుగులో పది అడుగుల రాక్షసుడు గద ఎత్తి గర్జిస్తున్నాడు. వాడి వెనక సింహాసనం మీద, ఆకుపచ్చ అంచు తువ్వాలు మీద, ఒళ్ళో పదకొండు జతల చెప్పులు పెట్టుకుని వెంకటలక్ష్మమ్మ కూర్చుని ఉంది. పక్కన భటుడిలా మా మామ.

పిల్లలు ఊపిరి బిగబట్టారు. రాక్షసుడు మళ్ళీ గర్జించాడు. అవ్వ తలెత్తి వాణ్ణి చూసింది.

"కొంచెం పక్కకు జరుగు నాయనా. గాలి ఆడల్యా" అంది.

ఆ నవ్వు నేను ఏ సినిమా హాల్లోనూ వినలేదు. అందరికంటే చిన్నది, శివాని అనే ఐదేళ్ళ పిల్ల, బండిలో లేచి నిలబడి, రాక్షసుడు మా అవ్వకు సీటిచ్చినాడని గుహ అదిరేట్టు చాటింది. నేను ఆర్నెల్లు కష్టపడి రాసిన చిలకను ఒక్కరూ తలుచుకోలేదు.

హరినాథ్ బండి ఆపించి దిగాడు. మొహం ఎర్రబడింది, అది దీపాల వల్ల మాత్రం కాదు. "ఏం పనన్నా ఇది? ఆయమ్మను దించు" అన్నాడు.

"దిగదప్పా" అన్నాడు మామ. గొంతు పెంచలేదు. "మనిషొస్తాండాదని మొదట్నుంచీ చెప్తానే ఉండా. వచ్చినాది."

"ఆయమ్మ ఆడ కూచ్చుంటే మన కథేం కావల్ల?"

అప్పుడు నా నోరు నాకు చెప్పకుండానే లేచింది. "కథ ఇదే సార్" అన్నాను. చేతిలో ఉన్న నా కథ కాగితాల కట్ట బండి కింద పడేశాను. "ఏడు లోకాల్లో ఎవరికీ లొంగని రాక్షసుడు, అవ్వ వస్తే లేచి సీటిస్తాడు. చిలక వద్దు, చంపడం వద్దు. మీకు నచ్చకపోతే రేపే పెట్టె సర్దుకుంటాను, పాత కథ మాత్రం నేను రాయను."

హరినాథ్ నన్ను చూశాడు, మామను చూశాడు. చివరికి పిల్లల్ని చూశాడు. వాళ్ళు అప్పటికే బండి దిగి, ఇంకోసారి జరగమనవ్వా అని అవ్వను బతిమాలుతున్నారు. ఘాట్ మలుపుల్లో నోరు తెరుచుకుని కూర్చున్న పిల్లవాడు ఆయనలో ఎక్కడో మిగిలే ఉన్నట్టున్నాడు. బండి ఎందుకు ఆగిందోనని పరిగెత్తుకొచ్చిన భూపేష్‌తో, "ఆ మోకాలు బాగుచెయ్యొద్దు" అన్నాడు. బయట బెంచీలు కూడా వేయించమన్నాడు.

ఇప్పుడు కథలకొండలో నడుస్తున్నది ఆ కథే. రాక్షసుడు గర్జిస్తాడు. వరసలోంచి వచ్చిన ఒక అవ్వ పక్కకు జరగమంటుంది. వాడు గద దించి, బుర్ర గోక్కుని, ఒదిగి నిలబడతాడు. ఆ బుర్ర గోక్కోవడం భూపేష్ సొంత కల్పన. అందరికీ చెప్పుకుంటుంటాడు. సింహాసనం కోసం జిల్లాలో అవ్వలంతా వరస కడుతున్నారు. ఆ వరస బెంచీల మీద కూర్చునే కదలాలని మామ పట్టుబట్టి సాధించాడు. ఓడిపోయింది ఒక్క చెప్పుల నియమమే. అవ్వలకు అవి ఒళ్ళో లేకపోతే ఏదో వెలితిగా ఉందట.

ప్రారంభం రోజు నేను పొద్దున ఆరు నుంచి కాళ్ళ మీదే ఉన్నాను. మూడింటికి క్యాంటీన్లోకి వచ్చేసరికి ఒక్క కుర్చీ ఖాళీ లేదు. ఒక దాని మీద మాత్రం ఆకుపచ్చ అంచు తువ్వాలు ఉంది. హరినాథ్ దాన్ని పక్కకు తోసి కూర్చోబోయాడు.

"లెయ్యప్పా. మనిషొస్తాండాది" అన్నాడు మామ.

పార్కు సొంతదారు లేచి నిలబడ్డాడు. రాక్షసుడే లేచినప్పుడు ఆయనెంత. నాకు నవ్వొచ్చింది. ఇంతకూ ఎవరు మామా ఆ మనిషి అని పదిహేనేళ్ళ తర్వాత మళ్ళీ అడిగాను.

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "కూచ్చో పాపా" అన్నాడు.

అదే మాట, అదే గొంతు. ఒళ్ళు కాలిపోతున్న ఫిజిక్స్ పరీక్ష రోజు, కిటికీ గాలి, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. నేను కూర్చోకుండా అలాగే నిలబడిపోయాను.

"ఆ పొద్దు బస్సులో రావాల్సిన మనిషి రాలేదన్నావు కదా మామా?"

"వచ్చినాది. జ్వరంతో ఎక్కింది" అన్నాడు. తర్వాత ఇంత సులువైన సంగతి కూడా చెప్పాల్సి వచ్చిందే అన్నట్టు విసుక్కున్నాడు. "బస్సన్నాక ఎవరో ఒకరు నిలబడలేనోళ్ళు ఎక్కుతారు. ఎవరనేది ముందే ఎట్ల తెలుస్తాది? తువ్వాలైతే ముందే వెయ్యల్ల గదా."

ఆ దారి పొడవునా ఉన్న చుట్టాలందరూ అప్పుడు నాకు అర్థమయ్యారు. ప్రాణానికి హాయిగా అనిపించింది. కానీ రెండేళ్ళు రాడ్డుకు వేలాడిన మనిషిని, అంత తేలిగ్గా వదిలిపెడతానా.

"మరి తక్కిన రోజులన్నీ నన్నెందుకు నిలబెట్టినావు?"

"ఆ రోజులు నీకు జ్వరం ల్యా గదా" అని, మామ భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకుని ఇంకో కుర్చీ వెతుక్కుంటూ పోయాడు.