ఎనిమిది వాల్వులు, ఒక ఎడమచెయ్యి

ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. నా ఎడమచేతికి స్పర్శ పోయిందని డాక్టరు చెప్పడానికి ఏడాది ముందే నాకు తెలుసు.

అది తెలిసిన పొద్దున జొన్నరొట్టెలు చేస్తున్నాను. రొట్టె తిప్పబోతూ ఎడమచెయ్యి పెనం అంచుకు ఆన్చాను. ముందు వాసన వచ్చింది. రొట్టె మాడిందనుకున్నాను. మాడింది నా చిటికెన వేలు. నొప్పి లేదు. పక్కనే ఉన్న అవ్వ, అంటే మా బాపు తల్లి, "గింత కాలినా సోయి లేదేందే పోరీ?" అంటూ వెన్న రాసింది. చెయ్యి జారిందన్నాను. మోచేతి దగ్గర పాలిపోయిన మచ్చ ఒకటి ఉండేది. దాన్ని కొంగుతో కప్పుకున్నాను. మా దేవరకొండ వైపు పెద్దరోగం వచ్చినవాళ్ళకు ఊరి బయట గుడిసె వేసేవారు. నా భయమంతా ఆ గుడిసే.

అమ్మ నా చిన్నప్పుడే పోయింది. బాపు మా దొర మోటరు కారు నడిపేవాడు. ఊళ్ళో రైతుల సంగం బలపడి దొర కుటుంబం పట్నం వెళ్ళిపోయాక, మోటరు మా కొట్టంలోనే మిగిలింది. నడిచే బండి కనిపిస్తే ఎవరో ఒకరు పట్టుకుపోతారని బాపు ఇంజను విప్పేసి, ముక్కలన్నీ గోనెపట్టాల్లో చుట్టి మా జొన్నల గుమ్ముల్లో పాతిపెట్టాడు. పోలీస్ యాక్షన్ తర్వాత దొర మనుషులు, "ఆ తుప్పు మాకెందుకు, నువ్వే ఉంచుకో" అని కబురు పంపారు.

ముక్కలు బయటికి తీసిన రోజు కార్బురేటర్ బోర్లిస్తే పిడికెడు జొన్నలు రాలాయి.

"పెట్రోలు తాగుతదంటివి, జొన్నలు గూడ తింటాందిరా నీ మోటరు" అంది అవ్వ.

నేనూ నవ్వుతూ ఎడమచేత్తో ఒక నట్టు అందించబోయాను. అది వేళ్ళ సందులోంచి జారిపోయింది. మళ్ళీ తీశాను, మళ్ళీ జారింది. బాపు నవ్వు ఆపి, "చెయ్యి చాపు బిడ్డా" అన్నాడు. చాపాను. చివరి రెండు వేళ్ళు తిన్నగా రాలేదు. మర్నాడు ఇద్దరం నల్లగొండ బస్సెక్కాం.

దవాఖానలో డాక్టరు నన్ను కళ్ళు మూసుకోమన్నాడు. దూదిపోగుతో ముట్టుకుంటాననీ, ఎక్కడ ముట్టుకుంటే అక్కడ వేలు పెట్టి చూపించమనీ చెప్పాడు. చాలాసేపు ఆగి, "ఇంకా మొదలుపెట్టలేదా?" అని అడిగాను. అప్పటికే ఆరుసార్లు ముట్టుకున్నాడట. మోచేతి వెనుక నొక్కి, "ఇక్కడి నరం, అల్నర్ నర్వ్, తాడులా ఉబ్బి ఉంది" అన్నాడు. చెవి దగ్గర, మచ్చ దగ్గర కొద్దిగా గీరి, క్రిములున్నాయేమో చూడ్డానికి స్మియర్ తీశారు. రెండో రోజు చెప్పాడు.

"లెప్రసీ. భయపడకండి, స్మియర్ నెగటివ్. ఈ అమ్మాయి నుంచి ఎవరికీ అంటదు. ఇంట్లోనే ఉంచుకోండి. కాని ఆ రెండు వేళ్ళను ఊరికే వదిలేస్తే కొక్కెంలా వంగి అలాగే ఉండిపోతాయి. రోజూ ఆడించాలి. ఆ చెయ్యి ఉండేదీ పోయేదీ మీ చేతుల్లోనే ఉంది."

బాపు ఆ మాటలు ఇంటికి వచ్చి ఒక్కటీ పోకుండా అవ్వకు చెప్పాడు. అవ్వ నమ్మలేదు. నన్ను ఊరి బయటికి పంపమని అనలేదు గానీ, నా మంచం కొట్టంలోకి మారింది. రొట్టెను నా పళ్ళెంలోకి జానెడు ఎత్తు నుంచి వేసేది. వేసి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళేది. అలా వేసిన మొదటి రోజు, రోజూ రాసే నా డైరీలో రాసుకోవడానికి నాకు మాట దొరకలేదు.

మొదట వారానికోసారి చాల్‌మోగ్రా నూనె ఇంజెక్షన్లు. ఆ నొప్పికి కూర్చోలేకపోయేదాన్ని. తర్వాత డి.డి.ఎస్. మాత్రలు వచ్చాయి. వాటికి రక్తం తగ్గి, మెట్లెక్కితే ఆయాసం వచ్చేది.

అలా పడుకుని పుస్తకం చదువుకుంటుంటే బాపు ఇంజను వాల్వు ఒకటి తెచ్చి ఒళ్ళో పెట్టాడు. "ఎనిమిదున్నయ్. అన్నీ నువ్వే నూరాలె, నీ వేళ్ళు ఆడుతయ్. ఫికర్ జెయ్యకు, ఎంత ఆలస్యమైనా మంచిదే."

వాల్వు ఇంజనులోని తన గూటికి సందు లేకుండా అతకాలి. అందుకు దాని అంచుకు నూనెలో కలిపిన గరుకు ఎమరీ పొడి రాసి, గూట్లో కూర్చోబెట్టాలి. పైన బిగించిన కట్టెపుల్లను రెండు అరచేతుల మధ్య, మజ్జిగ కవ్వం తిప్పినట్టు, అటూ ఇటూ తిప్పాలి. తీసి తుడిచి చూడాలి. మళ్ళీ రాయాలి. వారం రోజులకు అంచు చుట్టూ బూడిదరంగు గీత కనబడింది, ఒకచోట తెగి ఉంది. ఇంకో నాలుగు రోజులకు గీత కలిసింది. బాపు గ్యాస్ నూనె, అంటే కిరసనాయిలు, పోసి చూశాడు. చుక్క దిగలేదు. డైరీలో "ఒకటి" అని రాశాను. ఎన్ని పేజీలు రాసినా అంత తృప్తి ఎరగను.

మూడో వాల్వు దగ్గర తప్పు చేశాం. నా అరచెయ్యి నొప్పి ఎరగదు కదా అని పొద్దంతా తిప్పాను. "బాపును మించిన గట్టి చెయ్యి" అని బాపే మెచ్చుకున్నాడు. బొబ్బ లేచి, చితికి, చీము పట్టేదాకా ఇద్దరం చూడలేదు.

డాక్టరు నన్ను వదిలి బాపును తిట్టాడు. "ఇంజనుకు నూనె ఉందో లేదో రోజూ చూస్తావు కదా. బిడ్డ చెయ్యి చూడవా? నొప్పి లేకపోతే దెబ్బ లేనట్టేనా?"

రెండు నెలలు చెయ్యి కదలకుండా బద్దతో స్ప్లింట్ కట్టారు. నాలుగో వాల్వు కిటికీలో అలాగే ఉండిపోయింది. కట్టు విప్పాక బాపు పుల్లకు, పానాలకు పాత ట్యూబు రబ్బరు చుట్టాడు. కాసేపు తిప్పగానే, "ఇగ చాలు, చెయ్యి చూపియ్యి" అనేవాడు. ఎనిమిదో వాల్వు అయ్యేసరికి మళ్ళీ ఎండాకాలం వచ్చింది.

ఇంజను బిగించి హ్యాండిల్ తిప్పిన రోజు మోటరు రెండు దగ్గులు దగ్గి ఆగింది. మర్నాడు నాలుగు దగ్గింది. మాకు అదే పండుగ. తొమ్మిదో రోజు ఆగకుండా నడిచింది. అవ్వ గడప దాటి వచ్చి, చెవులు మూసుకుని, చివరిదాకా నిలబడి చూసింది.

ఇప్పుడు నా వేళ్ళు తిన్నగా చాచగలను. చిటికెన వేలు కొంచెం వంగే ఉంటుంది. స్పర్శ రాలేదు, రాదని డాక్టరు చెప్పాడు. మాత్రలు ఇంకా మింగుతున్నాను. రొట్టెలు మళ్ళీ నేనే చేస్తున్నాను, ఎడమచేతికి గుడ్డ చుట్టుకుని. నాలాంటి వాళ్ళకు చెప్పేది ఒక్కటే: రోజూ వెలుతురు ఉండగానే చేతులు, కాళ్ళు ముందూ వెనుకా తిప్పి చూసుకోండి. చర్మం చెప్పలేనిది కళ్ళే చెప్పాలి. మచ్చను మాత్రం నాలా దాచుకోకండి.

నిన్న చెకప్‌కు మోటరులోనే నల్లగొండ బయలుదేరాం. అవ్వ కూడా కంటి మందుకు వస్తానంది. వెనుక సీటుకు స్ప్రింగులు దొరకలేదు, అక్కడ వట్టి రేకే ఉంది. బాపు స్టీరింగు ముందు, నేను మధ్యలో. నా ఎడమపక్కన జానెడు జాగా మిగిలింది. అవ్వ తలుపు పట్టుకుని ఆ జాగాను చూస్తూ నిలబడింది.

"అమ్మా, నీకు గుండెల ధైర్యం లేకుంటే ఉండు, మందు నేనే తెస్త" అన్నాడు బాపు.

అవ్వ చీర ఎగజెక్కి, నా భుజం పట్టుకుని ఎక్కి కూర్చుంది. ఇద్దరం ఒకరికొకరం ఒరుసుకున్నాం. ఎడమచెయ్యి మడిచి ఒళ్ళో పెట్టుకున్నాను. బండి ఊరు దాటింది. అవ్వ నావైపు తిరిగింది.

"జర సర్దుకో పోరీ, నీ మోచెయ్యి నా డొక్కల పొడుస్తాంది."