హరిత నగర్ వారి సంతాప సభ

మహమూదా బేగం ఒక మనిషిని అసహ్యించుకోవడమంటే మామూలు విషయం కాదు. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య పుట్టి, కోరుట్లలో పెద్ద కుటుంబంలోకి కోడలై వెళ్లి, అత్త సూటిపోటి మాటలన్నీ దిగమింగి, చివరికి మొగుడితో జగిత్యాల చేరి కుట్టుమిషను పెట్టుకున్న మనిషి. తప్పుడు కొలతల జాకెట్టు తామే ఇచ్చి, కుట్టు చెడగొట్టావని మీదికొచ్చిన ఆడవాళ్లను సైతం నవ్వి సాగనంపిన మనిషి. అలాంటి ఆమెకు ఇప్పుడు హరిత నగర్ కాలనీ సంక్షేమ సంఘం పేరెత్తితే నోరు చేదవుతుంది. అవదా మరి!

హరితం పేరులోనే ఉంది. ఉన్న నాలుగు వేపచెట్లూ కొట్టేసి, ఆ జాగాలో సిమెంటు ఆర్చి లేపి, దాని మీద ‘మన కాలనీ, మన కుటుంబం’ అని బంగారు రంగుతో రాయించారు. రాయించిన మహానుభావుడు సంఘం అధ్యక్షుడు యాదగిరి. ఈయన ఒకప్పుడు బస్టాండులో కంట్రోలరు. ఉద్యోగకాలమంతా మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడాగిందో చెప్పిన నోరు, రిటైరైనంత మాత్రాన ఊరుకుంటుందా? చందాలతో కమ్యూనిటీ హాలు కట్టించాడు. హాలు నెత్తిన మైకులు పెట్టించాడు. ఇక చూసుకో నా రాజా! మూడో గల్లీవాళ్లు చెత్తబుట్ట బయట పెట్టారని మైకు, ఎవరి కుక్కో ఎవరి చెప్పో ఎత్తుకుపోయిందని మైకు, తన మనవడికి మార్కులు బాగా వచ్చాయని మైకు. ప్రతి ముక్కకూ ముందు ‘కాలనీ కుటుంబ సభ్యులకు విజ్ఞప్తి’ అంటాడు. ఆ కుటుంబం అన్న మాట ఆయన నోట్లో పాన్‌లాగా ఎప్పుడూ నానుతూనే ఉండేది.

ఆ యాదగిరి ఇంటి మేడ మీదే మహమూదా వాళ్లు కిరాయికి ఉండేవాళ్లు. మొగుడు బుర్హానుద్దీన్‌ది మోటారు వైండింగ్ దుకాణం. కాలనీ బోరు మొదటిసారి కాలినప్పుడు బాగుచేసిన పాపానికి, యాదగిరి ఆయన్ని ‘వాటర్ ఇన్‌చార్జి’ని చేశాడు. జీతం లేదు, బిరుదు ఉంది. తెల్లవారి నమాజు కాగానే వెళ్లి మోటారు వేయాలి, ఒక్కో గల్లీకి వాల్వు తిప్పాలి, నీళ్లు సన్నగా వచ్చాయని ఒకరూ, ముందు వాళ్లకు వదిలావని ఒకరూ తిడితే పడాలి. బుర్హానుద్దీన్ పిచ్చి మారాజు, దానికే మురిసిపోయేవాడు. “నల్గురి పని చేస్తున్న. ఊకె పోతదా?” అనేవాడు. ఊరికే పోయింది.

సంఘంలో ఒక తీర్మానం ఉంది. కిరాయికి ఉండేవాళ్లలో ఎవరైనా చనిపోతే శవాన్ని కాలనీ లోపలికి తేకూడదు. ఎందుకంటే చచ్చిన ఘడియ మంచిది కాకపోతే శవాన్ని దించిన ఇల్లు విడిచిపెట్టి నెలల తరబడి తాళం వేయాలి. సొంత మనిషి పోతే ఎలాగూ తప్పదు, కిరాయివాడు పోతే మా ఇల్లెందుకు పాడుపెట్టుకోవాలి అని ఓనర్లందరూ చేతులెత్తారు. ఇక కమ్యూనిటీ హాలు శుభకార్యాలకు మాత్రమేనట. ఈ సంగతి కూడా యాదగిరి మైకులోనే చదివాడు. అప్పుడు మహమూదా ఎవరిదో పెళ్లి జాకెట్టుకు హుక్సులు కుడుతోంది. విన్నది, దారం కొరికి తెంపింది, మరచిపోయింది. చావు సంగతి మనకెందుకులే అని ఎవరైనా అనుకుంటారు కదా.

ఈ ఎండాకాలంలో బుర్హానుద్దీన్‌కు గుండెపోటు వచ్చింది. కరీంనగర్‌లో పెద్దాసుపత్రిలో చేర్చారు. ఇక్కడ నల్లాలు బంద్. ఆయనెట్లా ఉన్నాడని ఫోన్ చేసినవాళ్లు తక్కువ, వాల్వు తాళంచెవి ఎక్కడ పెట్టాడని అడిగినవాళ్లు ఎక్కువ. యాదగిరి మైకులో ఏం చెప్పాడో తెలుసా? “వాటర్ ఇన్‌చార్జి అవుట్ ఆఫ్ స్టేషన్ ఉన్నందున నీళ్లు ఆలస్యమగును.” అవుట్ ఆఫ్ స్టేషన్! ఐసీయూలో ముక్కుకు గొట్టంతో పడి ఉన్న మనిషి!

బుర్హానుద్దీన్ ఇల్లు చేరలేదు. ఒక పొద్దున అక్కడే పోయాడు.

ఇంటికి తీసుకుపోవాలి. మహమూదాకు అప్పుడు ఉన్నదల్లా ఆ ఒక్క కోరిక. ఆయన తిరిగిన ఇంట్లో గుస్ల్ అనే చివరి స్నానం చేయించి, కఫను బట్ట చుట్టి, కాసేపు కళ్లారా చూసుకుని పంపాలి. అంతకన్నా ఏమడిగింది? కొడుకు జీషాన్ అంబులెన్సు నుంచే యాదగిరికి ఫోన్ చేశాడు. ‘అయ్యో, అయ్యో’ అని ఆయన ఫోన్ పెట్టేశాడు. అంబులెన్సు ఆర్చి దగ్గరికి వచ్చేసరికి గేటు వేసి ఉంది. గేటుకు అటువైపు యాదగిరి, ఆయన వెనక సంఘం పెద్దలు, అందరి ముఖాల్లోనూ దుఃఖం బ్రహ్మాండంగా ఉంది.

“మహమూదమ్మా, నాకు సొంత తమ్ముడు పోయినట్టున్నది,” అన్నాడు యాదగిరి. “గని రూలు రూలే గద. నా ఒక్కనిదైతే నేనేమంటుంటి? సంఘం ఒప్పుకోదు.”

“ఇంట్లకు అద్దంటే హాలు తెరువుండ్రి సారూ,” అంది మహమూదా. “ఒక్క గంట. గుస్ల్ చేపిచ్చి తీస్కపోతం.”

“హాల్ల ఎల్లుండి నిశ్చితార్థమున్నది తల్లీ. నువ్వే సోంచాయించు.”

“అంకుల్, మా అబ్బా గీ కాలనీకి ఎన్ని నీళ్లు ఇడ్సిండు! ఆయన తానానికి జాగ లేదా?” అని జీషాన్ గేటు పట్టుకుని ఊపాడు.

“ఎమోషనల్ కావద్దు బేటా. మసీదు కాడ సౌలత్ ఉంటది గద. కావాలంటే నేనే మాట్లాడుత,” అన్నాడు ఆ పెద్దమనిషి. గేటు మాత్రం తీయలేదు. ఆమె చేత జాకెట్లు కుట్టించుకున్న ఆడవాళ్లంతా, యాదగిరి కోడలు రచనతో సహా, డాబాల మీద నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూశారు. ఒక్కరు దిగితే ఒట్టు.

అరిచింది రాజవ్వ. ఆర్చికి బయట, రోడ్డుకు అవతల రేకుల ఇంట్లో బీడీలు చుట్టుకునే ముసలామె. సంఘం లెక్కలో ఆమె మనిషే కాదు. ఒళ్లోని తునికాకు చాటను పక్కకు నెట్టి లేచి వచ్చింది. “ఎండల పీనుగను వెట్టి ముచ్చట్లు వెడుతున్నరా? థూ, మీ బతుకులు వాడుగాను! నా వాకిట్లకు తే బిడ్డా,” అని మహమూదా రెక్క పట్టుకుంది. తన చీరలే నాలుగు దిక్కులా కట్టింది. బిందెలకు బిందెలు నీళ్లు మోస్తూ ఒక్కో బిందెకు ఒక్కో బూతు చొప్పున గేటు వైపు తిరిగి తిట్టింది. కోరుట్ల నుంచి వచ్చిన మరుదులు ఆ చీరల చాటున అన్నకు గుస్ల్ చేయించారు. మొగుడి ముఖాన్ని మహమూదా పరాయి వాకిట్లో, వేడి రేకుల నీడలో చూసుకుంది. సాయంత్రానికల్లా ఖబ్రస్తాన్‌కు తీసుకుపోయారు.

ఈ ఇల్లు ఖాళీ చేద్దామన్నాడు జీషాన్. ఆమె ఒప్పుకోలేదు. మొగుడున్న ఇంట్లోనే ఇద్దత్ గడవాలి, ఆ నాలుగు నెలల పైచిలుకు విధవ గడప దాటదు. అదీగాక బతికున్న మనిషి మేడ మీద ఉంటే యాదగిరికి ఏ అభ్యంతరమూ లేదు, కిరాయి వస్తుంది కదా.

ఇంతవరకూ జరిగింది చాలదన్నట్టు ఒక ఆదివారం పొద్దున మైకు మోగింది. మన కుటుంబ సభ్యుడు కీర్తిశేషులు బుర్హానుద్దీన్ గారికి కమ్యూనిటీ హాలులో సంతాప సభ! పేపరు వాళ్లకు కబురు వెళ్లింది. కాలనీ ఐక్యత గురించి నాలుగు ముక్కలు రాయించుకోవాలి కదా. మహమూదా కిటికీ దగ్గర కూర్చుని అంతా వింది. యాదగిరి కాసేపు మౌనం పాటిద్దామన్నాడు. పాటించారా? ఈయన మైకు వదిలితే కదా! “మౌనం నడుస్తున్నది... ఇంక నడుస్తున్నది... ఎవ్వలు లేవకుండ్రి...” అంటూనే ఉన్నాడు. ఆ తర్వాత, బుర్హానుద్దీన్ గారు మా గుండెల్లో ఉన్నారు, మా ఇంటి మనిషి, కులం మతం తేడా లేని కాలనీ మాది అన్నాడు.

మహమూదా లేచింది. బురఖా వేసుకుంది.

“అమ్మీ, ఇద్దత్‌ల ఉన్నవ్!” అని జీషాన్ అడ్డం వచ్చాడు.

“జరూరత్ ఉంటే పోవచ్చు బేటా. గింతకంటె జరూరత్ ఏముంటది?” అని మిషను మీద కత్తెర తీసుకుని మెట్లు దిగింది.

హాలులో గోడకు పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. జెండా పండుగ నాటి ఫోటోలోంచి బుర్హానుద్దీన్ ముఖం తీసి నడుమ వేశారు. పక్కనే చేతులు జోడించిన యాదగిరి, ఆయన ముఖం చచ్చిన మనిషి ముఖం కన్నా పెద్దది. ఫ్లెక్సీ మీద బంతిపూల దండ, ముందు దీపం, ఊదుబత్తులు, కొబ్బరికాయ! కుటుంబ సభ్యుడట. ఆ సభ్యుడి ఇంట్లో బొమ్మకు దండా దీపమూ ఉండవన్న సంగతైనా ఎవరికీ తెలియదు.

ఆమెను చూసి ముందు వరుసవాళ్లు జరిగి దారిచ్చారు. “రా తల్లీ, రెండు మాటలు మాట్లాడు,” అని యాదగిరి మైకు చాచాడు. ఆమె దాన్ని పట్టించుకోకుండా కుర్చీ లాక్కుని ఎక్కింది. కుర్చీ ఊగింది. ఎవరో వచ్చి గట్టిగా పట్టుకున్నారు. చూస్తే యాదగిరి కోడలు రచన. తల ఎత్తకుండా పట్టుకుని నిలబడింది. మహమూదా దండ తీసి భుజాన వేసుకుని, మొగుడి బొమ్మ చుట్టూ కత్తెర నడిపింది. ఫ్లెక్సీ కర్రుకర్రుమంటూ తెగింది.

“ఏంది మహమూదమ్మా గిది! సంఘం ఫ్లెక్సీ అది!” అన్నాడు యాదగిరి. మైకు చేతిలోనే ఉంది, కాలనీ అంతా వింది.

“మనిషి అచ్చిననాడు గేటేసిండ్రు. బొమ్మకు తలుపెందుకు తెరిసిండ్రు సారూ?” అంది ఆమె. “నా మనిషిని నేను తీస్కపోతున్న. మా ఇంట్ల బొమ్మలకు దండలెయ్యం. ఇగో, మీ దండ మీకే.”

భుజాన ఉన్న దండ తీసి, మిగిలిన ఆ ఒక్క బొమ్మకు, నవ్వుతూ చేతులు జోడించిన యాదగిరికి, వేసి దిగింది. హాలంతా ‘అయ్యయ్యో’ అని లేచింది. బతికున్న మనిషి బొమ్మకు దండ! యాదగిరి ముఖంలో నెత్తురు చుక్క లేదు. మైకు పారేసి కుర్చీ మీదికి ఎగబాకాడు. “తియ్యుండ్రి, జల్ది తియ్యుండ్రి, అపశకునం!” అని అరుస్తుంటే కుర్చీ ఊగుతోంది. పట్టుకోవడానికి ఈసారి ఎవరూ రాలేదు. రచన అప్పటికే మహమూదా వెనకాల బయటికి నడుస్తోంది.