ఉన్ని వేడి మీద సాల్మన్ చేప

ఇస్త్రీ మామయ్యకు లోకంలో శత్రువు ఒక్కటే: ముడత. బస్సులో ముందు సీటువాడి కాలరు మడతపడి ఉంటే ఆయన వేళ్ళు ఊరుకోవు, సర్దేస్తాయి. అందుకు రెండుసార్లు తిట్లు తిన్నాడు, ఒకసారి స్నేహితుణ్ణి సంపాదించాడు. ముప్పై ఏళ్ళుగా ఇంటి ముందుగదే ఆయన దుకాణం. పొద్దున్నే అక్కడ ఆవిరి లేస్తుంది. అందులోంచి చొక్కాలు నిద్రలేచి ముఖం కడుక్కున్నట్టు ఒక్కొక్కటే బయటికొస్తాయి.

వంటగదిలోకి మాత్రం మంచినీళ్ళకు తప్ప వెళ్ళి ఎరగడు.

అలాంటిది, ఆయన భార్య మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. నెల రోజులు పిండికట్టు. కబురు అందిన గంటలో ఆమె అక్క ఫోన్ చేసింది.

"నేనొచ్చి నెల్లాళ్ళు వండిపెడతా. మరిదికి ఉప్పుకీ పంచదారకీ తేడా తెలీదు."

వదిన మంచి మనిషే. కాకపోతే ఆమె ఉన్న ఇంట్లో రేడియో పాడదు, కుర్చీ ఉన్నచోట ఉండదు. పోయినసారి ఆమె వారం ఉండి వెళ్ళేసరికి మామయ్య రెండు కిలోలు తగ్గాడు.

"మీకెందుకు వదినా శ్రమ! వంట నేను చేస్తాగా," అన్నాడు ఫోన్ లాక్కుని.

అవతల నవ్వు ఆగడానికి కాసేపు పట్టింది. "సరేనయ్యా. రేపు మధ్యాహ్నం వస్తా. నీ చేతి వంట గొంతు దిగితే సాయంత్రం బస్సుకే వెళ్ళిపోతా. దిగకపోతే నెల ఉంటా."

మర్నాడు తెల్లారేసరికి బావమరిది ఏట్లో అప్పుడే పట్టిన సాల్మన్ చేప తెచ్చి, పొలుసు తీసి, ముళ్ళు ఏరి, నాలుగు ముక్కలు చేసి ఇచ్చి వెళ్ళాడు. మామయ్య ఆ రంగు చూస్తూ నిలబడిపోయాడు. సాయంకాలపు ఆకాశాన్ని ఎవరో కత్తిరించి, మడత నలగకుండా చేతిలో పెట్టినట్టుంది.

"తాజా చేపకి హంగులు అక్కర్లేదండీ," భార్య కుర్చీలోంచి చెప్పింది. "తడి లేకుండా గుడ్డతో అద్దేసి ఉప్పూ మిరియాలపొడీ చల్లండి. వేడి పెనం మీద చర్మం కిందికి పెట్టి కదపకుండా వదిలేయండి. దానంతటదే వదులుతుంది."

కదపకుండానా! కదపకపోతే గుడ్డ మాడుతుందని ముప్పై ఏళ్ళుగా నేర్చిన చెయ్యి అది. పెట్టిన క్షణం నుంచి అటూ ఇటూ రుద్దాడు. చర్మం పెనానికీ, కండ అట్లకాడకీ, పొగ ఇంటికీ అంటుకున్నాయి.

"పోనీ ఇంకోటి నీళ్ళలో ఉడికించండి. నీళ్ళు మరగకూడదు, ముసిముసిగా నవ్వుతుండాలంతే."

ఆయన నీళ్ళని పగలబడి నవ్వించాడు. ముక్క రబ్బరు చెప్పయింది.

"ఎంత వేడో నాకెలా తెలుస్తుందే?" అన్నాడు ఏడుపు గొంతుతో. "పట్టు వేడి, నూలు వేడి, ఉన్ని వేడి అని చెప్పు, కళ్ళు మూసుకుని పట్టేస్తా!"

భార్య నవ్వింది. ఆయన నవ్వలేదు. ముందుగది వైపు చూశాడు.

మిగిలిన రెండు ముక్కలకూ నూనె, ఉప్పు, మిరియాలపొడి, నిమ్మరసం పట్టించాడు. అల్యూమినియం కాగితంలో, కొత్త చొక్కాను మడిచినట్టు మడిచాడు. ఇస్త్రీపెట్టెను ఉన్ని వేడికి తిప్పి పైన ఆనించాడు. ఒకవైపు ఆరు నిమిషాలు, తిరగేసి ఆరు నిమిషాలు. చెయ్యి హాయిగా అటూ ఇటూ తిరిగింది. మడత మూలలోంచి బంగారు రంగు నూనె చుక్క ఒకటి జారి పెట్టె అడుగున బుస్సుమంది. ఆయన పట్టించుకోలేదు.

వదిన వచ్చింది. అక్కచెల్లెళ్ళకు చెరో ముక్క వడ్డించి, తను చెప్పుముక్క పెట్టుకున్నాడు. ఫోర్కు తగలగానే చేప రేకురేకులుగా విచ్చుకుంది. వదిన నమిలింది, ఆగింది, మళ్ళీ నమిలింది.

"నువ్వే చేశావా? దేని మీద?"

"బల్ల మీద," అన్నాడు నిజాయితీగా.

"మాటంటే మాటే. ఐదింటి బస్సుకి వెళ్తా."

మామయ్య గుండెలో రేడియో మోగింది. ఆమె లేచి ఉన్ని కోటు తొడుక్కుంది. వీపు మీద, ఈ భుజం నుంచి ఆ భుజం దాకా, ఏరు పారినట్టు ముడత.

గెలిచినవాడు నోరు మూసుకుని తలుపు తీయాలి.

"ఒక్క నిమిషం వదినా. ఆ కోటు ఇలా ఇవ్వండి."

భార్య పిండికట్టు ఊపి మరీ వద్దంది. ఆయనకు ముడత తప్ప ఏదీ కనిపించలేదు. పెట్టె ఎలాగూ ఉన్ని వేడి మీదే ఉంది.

వీధి మలుపులో వదిన వెంట ఒక పిల్లి పడింది. బస్టాపు చేరేసరికి పిల్లులు తొమ్మిదయ్యాయి. "మీరెక్కండమ్మా," అన్నాడు డ్రైవరు, "మీ వాళ్ళకి మాత్రం చోటు లేదు."

అరగంటలో తలుపు మోగింది. ముందు వదిన, వెనక బడిపిల్లల్లా వరసగా పిల్లులు.

"వేరే కోటు తెచ్చుకోలేదు. ఈ చలిలో అది లేకుండా కదల్లేను. ఉతికితే ఆరడానికి ఎన్నాళ్ళయ్యా?"

"రెండ్రోజులు వదినా."

"చేప వాసన పోవడానికి?"

గుమ్మంలో పిల్లులు స్థిరపడిన తీరు చూస్తే నెల పట్టేలా ఉంది. వదిన రేడియో కట్టేసి, ఆయన కుర్చీని కిటికీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"వంట మాత్రం నువ్వే చెయ్యి మరిదీ. ఆ చేప మళ్ళీ దొరుకుతుందా?"

మామయ్య ఆమె వైపు చూశాడు. ఆమె కోటు కాలరు ఒకవైపు మడతపడింది. ఆయన వద్దంటున్నా వేళ్ళు వినలేదు, వెళ్ళి సర్దేశాయి.