మామ గడియారంలో చంద్రుడు

మా మామ పోయి నెల దాటింది. ఆ ఉదయం పనిబల్ల ముందు కూర్చున్నవారు కూర్చున్నట్టే, చేతిలో ఆకురాయితో పక్కకు ఒరిగారు. దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది. కొత్తకోట బస్టాండు దగ్గర గడియారాలు చేసే పెద్దమనిషి అంటే మీలో కొందరు గుర్తుపడతారు. మీ ఇంట్లో ఆయన చేసిన గోడ గడియారం ఉంటే ఈ నాలుగు మాటలు ముఖ్యంగా మీ కోసం.

ఏడాదికి ఆరేడు గడియారాలకు మించి ఆయన చేసేవారు కాదు. ఇత్తడి చక్రాలు తానే కోసి, పళ్లు తానే రాకేవారు. టేకు పెట్టె కూడా ఆయన చేతి పనే. వకీళ్లు, షావుకార్లు నెలల తరబడి ఎదురుచూసి తీసుకుపోయేవారు. ప్రతి గడియారం ముందు మా గోడ మీద ఎనిమిది రోజులు నడవాలి. తర్వాత తానే మోసుకుపోయి వాళ్లింట్లో తగిలించి, మళ్లీ ఎనిమిదో రోజు పోయి చూసి వచ్చేవారు. బిడ్డను అత్తగారింటికి పంపినట్టు చేస్తడని బజారులో నవ్వేవాళ్లు.

మా దిక్కు కోడలు మామకు ఎదురుపడి మాట్లాడదు. మధ్యన మాట చేరవేయడానికి అత్త ఉంటుంది. మా అత్తమ్మ నేను కాపురానికి రాకముందే పోయింది. అందుకని మామ ఏం చెప్పాలన్నా వాకిట్లో కట్టేసిన మేకతో చెప్పేవారు. "ఇయ్యాల కూరల జర ఉప్పెక్కువైందే" అని ఆయన మేకతో అంటే, "రేపు తక్కువేస్త అని చెప్పవే" అని తలుపు చాటు నుంచి నేనూ మేకకే చెప్పేదాన్ని. అది ఇద్దరి మాటలూ వింటూ ఆకు నమిలేది.

మామ ఉర్దూ చదువుకున్నారు. తెలుగు అక్షరాలు రావు. నేను నాలుగో తరగతి వరకు చదివాను. రోజూ పొద్దున పంచాంగం తీసి, తిథి ఏమిటో తలుపు చాటు నుంచి గట్టిగా చదవడం నా పని. ఆ ఇంట్లో నా గొంతు పైకి వినిపించేది అప్పుడొక్కసారే.

ఒకసారి మా ఆయన మరమ్మతు పని మీద హైదరాబాదు పోయి, ఒక పెద్దింట్లో దొరల దేశంలో చేసిన సీమ గడియారం చూసి వచ్చారు. అది వారం చెబుతుంది, తారీఖు చెబుతుంది, చంద్రుణ్ని చూపిస్తుంది. మనమూ అట్లాంటిది చేద్దాం, తిథి కూడా పెడదాం అని పట్టుబట్టారు. మామ ఒప్పుకోలేదు.

"గంట తప్పకుంట చెప్పుడే కష్టం, కొడుకా. పది సంగతులు చెప్పబోతే ఒకటన్న తప్పుతది. ఒకటి తప్పితే తొమ్మిదీ నమ్మరు."

"ఉత్త గంటలు చెప్పేటివి ఫ్యాక్టరీల నుంచి పెట్టెలకు పెట్టెలు దిగుతున్నయి, బాపు. నాలుగేండ్లు పోతే మన గుమ్మం ఎవలు తొక్కుతరు?"

లోపల పిండి కలుపుతూ విన్నాను. ఇద్దరి మాటా నిజమే అనిపించింది. నాలుగు రోజుల తర్వాత మామ మేకతో, "వాడు చెప్పింది అబద్ధమైతే కాదే" అన్నారు. తండ్రీ కొడుకులు ఏడాది పాటు ఆ ఒక్క గడియారం మీదే కూర్చున్నారు. పక్కన చిన్న కిటికీలో చంద్రుడు, చుట్టూ ముప్పై తిథుల గుర్తులు, ఏకాదశికి ఎర్ర చుక్క. అలంపూర్‌లో ఒక వకీలు గారు ముచ్చటపడి తీసుకున్నారు.

ఎనిమిదో రోజు మామ, మా ఆయన అక్కడికి పోయారు. వకీలు గారి తల్లికి చదువు రాదు. నలభై ఏండ్లుగా ఏకాదశి ఒక్కపొద్దు విడవని మనిషి. అంతకుముందు తిథి ఏమిటని గుడి పూజారిని అడిగేది. గడియారం వచ్చాక అడగడం మానేసింది. మా ఎర్ర చుక్క ఒక రోజు ఆలస్యంగా వచ్చింది. ఏకాదశి నాడు ఆమె అన్నం తినేసింది. కోపం చేయలేదట. "నీ గడియారం తప్పదంటరు గద నాయినా, అందుకే తిన్న" అన్నదట.

మామ దాన్ని గోడ మీంచి దించి, బస్సులో ఒడిలో పెట్టుకుని తెచ్చారు. రెండు రోజులు పనిముట్లు ముట్టలేదు. ఇంకో చక్రం వేస్తే సర్దుకుంటుందని మా ఆయన. ఇక ఆ ఊసే ఎత్తవద్దని మామ. అయితే నేను హైదరాబాదు పోయి ఎవరి దుకాణంలోనన్నా పని చేసుకుంట అని మా ఆయన సంచి సర్దారు. మేమిద్దరం వెళ్లిపోతే ఇంట్లో మామ ఒక్కరే మిగులుతారు.

మూడో రోజు పొద్దున నేను పంచాంగంతో తలుపు చాటుకు వచ్చాను. మామ మేక వైపు చూడలేదు.

"బిడ్డా, చదివినదానివి నువ్వే. తిథి చక్రంల ఇముడుతదా?"

మా ఆయన సంచి పక్కన పెట్టి చూశారు. నేను పంచాంగం మూసి, తలుపు చాటు నుంచే ఆయనకు చెప్పాను.

"ఇమడది మామా. ఒక తిథి జల్ది పోతది, ఒకటి మర్నాటిదాక ఉంటది. అందుకే లెక్క తెలిసినోళ్లు ఏటా కొత్తగ రాస్తరు. కానీ చంద్రుని తియ్యకుండ్రి. చంద్రుడు తప్పు చూపితే వాకిట్లకు పోయి, పైన చంద్రుని చూసి దిద్దుకుంటరు. తిథి తప్పితే ఆ అవ్వకు ఎట్ల తెలుస్తది?"

మామ తల వంచుకుని విన్నారు. తర్వాత కొడుకుతో, "విన్నవా? మనిషి తన కండ్లతోని చూసి దిద్దుకునేదే పెడ్దాం. అంతకు మించి వద్దు" అన్నారు. ముప్పై తిథుల గుర్తులూ ఆ పూటే గీకేశారు. చంద్రుణ్ని జరుపుకోవడానికి పక్కన చేత్తో తిప్పే చిన్న మర పెట్టారు. మా ఆయన సంచి విప్పారు.

ఆ తర్వాత ఆరేళ్లలో చంద్రుడున్న గడియారాలు తొమ్మిదో పదో చేశారు. ఎనిమిదో రోజు పోయినప్పుడు మర తిప్పడం ఆడవాళ్లకే నేర్పించమని మామ ఆ ఇంటివాళ్లకు చెప్పేవారు. పున్నమి ఎప్పుడన్నది వాళ్లకే బాగా తెలుస్తుందని ఆయన నమ్మకం. చంద్రుడి ముఖానికి రంగు వేసే పని నాకు ఇచ్చారు. ఉప్పూ కారం సంగతులు మేకతోనే సాగాయి. గడియారం సంగతి అయితే మాత్రం, "బిడ్డా" అని నన్నే పిలిచేవారు.

పోయేనాటికి ఆయన చేతిలో ఉన్న గడియారాన్ని మా ఆయన పూర్తి చేసి, వనపర్తి దగ్గర ఒక ఇంట్లో తగిలించి వచ్చారు. నిన్న ఎనిమిదో రోజు. ఆ ఇంటి ఆడవాళ్లకు మర తిప్పడం చూపించమని నన్ను కూడా రమ్మన్నారు. పరాయి ఇంట్లో పదిమంది ముందు మాట్లాడటం నాకు అదే మొదలు. ఆ ఇంటి కొత్త కోడలు, మామగారు ఎదురుగా కూర్చున్నారని, తలుపు వెనక నుంచి కదలలేదు. గడియారం ఆ తలుపు పక్కనే ఉంది. "చెల్లే, చెయ్యి ఇట్లియ్యి" అన్నాను. పెళ్లి పసుపు ఇంకా పోని చేయి ఒకటి బయటికి వచ్చింది. పట్టుకుని మర మీద పెట్టాను. లోపల చక్రం చిన్నగా టిక్కుమంది. కిటికీలో చంద్రుడు గోరంత జరిగాడు.