మా బావ సానపట్టని కత్తి

మా బావ కత్తులకు సానపడతాడు. ఇప్పుడు చూస్తే చీమకు కూడా హాని చెయ్యడనిపిస్తుంది గానీ, ఒకప్పుడు ముక్కు మీదే కోపం. మా అక్కను చేసుకున్న కొత్తలో, అడ్డంగా మాట్లాడాడని ఒకడి దవడ చీల్చి జైలుకెళ్ళాడు. అక్కడే దేవుణ్ణి నమ్ముకున్నాడు. బాప్తిస్మం తీసుకున్న రోజు ఆ దేవుడికి ఒక మాటిచ్చాడట: మనిషి మీదికి లేచే కత్తికి సానపట్టనని. అప్పట్నుంచి కూరల కత్తులు, దర్జీల కత్తెరలు, అంతే. కొంచెం పొడుగాటిది వస్తే "దేనికి?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకే సగం బేరాలు తిరిగిపోయేవి. కొట్లో నాకూ వాటా ఉంది కాబట్టి నాకు ఒళ్ళు మండేది.

ఒక మధ్యాహ్నం మేమిద్దరం కొట్లో ఉండగా, అందరూ మొండోడని పిలిచే లారీ డ్రైవరు తాగి వచ్చి, మూరెడు కత్తి బల్ల మీద పడేశాడు.

"దేనికి?" అన్నాడు బావ.

"మా అన్న మెడకి. ఇల్లంతా తన పేరునే రాయించుకున్నాడు."

"అయితే పట్టను తమ్ముడూ. కాసేపు కూర్చో, మంచినీళ్ళు తాగు."

మొండోడు బావ జుట్టు పట్టుకుని తల బల్లకేసి కొట్టాడు. ముక్కూ పెదవీ పగిలాయి. కుడిచెయ్యి మెలిపెట్టి, మోటారు మీద గిర్రున తిరుగుతున్న సానరాయికి వేళ్ళు ఆనించాడు. ముందు తోలు పోయింది, తర్వాత గోళ్ళు, ఆ కింద ఎముక. నెత్తురు నా చొక్కా మీదికి చిమ్మింది.

"పడతావా, పట్టవా?"

"పట్టను!" అని అరిచాడు బావ. అంత నొప్పిలో కూడా అదే మాట.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "పట్టెయ్ బావా! నీ చెయ్యి పోతే అక్కా పిల్లలూ ఏమైపోవాలి?" అన్నాను. వినలేదు. ఇక నేనే కత్తి తీసుకున్నాను.

"అన్నా, ఆయన్ని వదిలెయ్. నేను పడతా."

వాడు వదిలాడు. దాచుకోవడమెందుకు, ఆ క్షణాన వాడి అన్న మెడ నాకు గుర్తే రాలేదు.

కత్తి రాయిని తాకేలోపే బావ ఎడమచేత్తో సుత్తి అందుకుని, తిరుగుతున్న రాయిని ఒక్క దెబ్బ కొట్టాడు. రాయి పేలిపోయింది. ఒక ముక్క నా కనుబొమ్మ చీల్చింది, ఇంకోటి ఆయన భుజంలో దిగబడింది. మొండోడు నా చేతిలోని మొద్దు కత్తి లాక్కుని బూతులు తిడుతూ పోయాడు.

సాయంత్రం దాంతోనే అన్నను రెండు వేట్లు వేశాడు. చర్మం చిట్లింది, భుజం ఎముక విరిగింది, ప్రాణం మాత్రం నిలిచింది. మొండోణ్ణి పోలీసులు పట్టుకుపోయారు. ఆ అన్నను తెచ్చి ఆసుపత్రిలో బావ పక్క మంచం మీదే పడుకోబెట్టారు.

మర్నాటికి బావ వేళ్ళు రెండు తీసేశారు. అక్క ముద్దలు కలిపి తినిపిస్తోంది. నేను ఉండబట్టలేకపోయాను.

"రాయి పోయింది, వేళ్ళు పోయాయి. ఏమిచ్చాడు బావా నీ దేవుడు?"

"ఆకలిచ్చాడ్రా," అని పగిలిన పెదవితోనే నవ్వాడు. "జైలుకెళ్ళినప్పుడు, ఆ మనిషి దవడ చీల్చాక ఏడాదిపాటు నాకు ముద్ద దిగలేదు. ఇవాళ హాయిగా దిగుతోంది. నాకు ఇది చాలు."

ఇంకో ముద్దకు నోరు తెరిచాడు. పక్క మంచం మీద ఆ అన్న మూలుగుతున్నాడు. అక్క నా చేతిలోనూ ఒక ముద్ద పెట్టింది. నోట్లో వేసుకున్నాను గానీ, ఎంతకీ మింగుడు పడలేదు.